ఆ ఊరికి మూడు టిక్కెట్లు

విజయనగరం

ఉదయం ఆరు గంటల పదిహేడు నిమిషాలకు విజయనగరం స్టేషనులో రెండు టీలు ఇమ్మని అడిగాను. గడియారం ఎదురుగానే ఉంది కాబట్టి సమయం గుర్తుంది. గ్లాసులు రెండూ చేతికి వచ్చాక గాని నేను ఒక్కడినే బయలుదేరానన్న సంగతి తట్టలేదు. నా భార్య పోయి అప్పటికి తొమ్మిది నెలలు.

పక్క బెంచీ మీద తట్ట పెట్టుకుని కూర్చున్న ముసలామెకు రెండో గ్లాసు ఇవ్వబోయాను.

"నాకెందుకు బావూ? నానడగనేదు కదా" అంది.

"ఒకటి ఎక్కువైంది."

"ఎక్కువైతే తాగుతాను. మళ్ళీ డబ్బులడిగితే మాత్రం నాకాడ ఎండు సేపలే ఉన్నాయి" అంటూ ఊదుకుని తాగింది. బండి ఎక్కేటప్పుడు వద్దంటున్నా వినకుండా నాలుగు ఎండుచేపలు బాదం ఆకులో చుట్టి నా సంచిలో పడేసింది. పదిహేను పైసల టీకి అది ఎక్కువ. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటేదాకా పెట్టెలో అందరూ నా సంచి వైపు అనుమానంగా చూశారు.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పాలి. మన వైపు వాళ్ళు రంగూన్‌ను రంగం అంటారు. తాతల నాటి నుంచి ఓడెక్కి రంగం వెళ్ళి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసి డబ్బు పంపినవాళ్ళు ఈ రెండు జిల్లాల్లో ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అప్పటికి మూడేళ్ళ కిందట, బర్మా ప్రభుత్వం వెళ్ళగొడితే, వాళ్ళు వేలమంది కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. అలా వచ్చినవాళ్ళలో కొందరికి బర్మా భార్యలు. మొగుడు మన పౌరుడు, ఇంటికి వచ్చాడు. భార్య విదేశీయురాలు. ఆమె ఇక్కడ ఉండాలంటే అనుమతి కావాలి. మొగుడు బతికి ఉంటే ఆ అనుమతి తేలికగా దొరుకుతుంది, పోతే చిక్కు.

నేను విజయనగరంలో ప్లీడరును. పొలం గట్లు, పంపకాలు తప్ప ఇలాంటి కేసులు నాకు తెలియవు. తెలిసినవాడు శ్రీకాకుళంలో నా పాత సహాధ్యాయి సీతారామమూర్తి. రంగం నుంచి వచ్చినవాళ్ళ కాగితాలు ఫీజు లేకుండా చూసేవాడు. అతనికి కంటి ఆపరేషన్ అయింది. "నాలుగు రోజులు నా బదులు తిరుగు. నీకూ ఇంట్లోంచి కదలడం మంచిది" అని ఉత్తరం రాయించి, ఒక ఫైలు పంపాడు.

ఫైల్లో ఉన్నది మా ఖిన్ అనే ముప్ఫై ఏళ్ళ బర్మా స్త్రీ సంగతి. ఆ 'మా' వాళ్ళ భాషలో ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే మాట. తెలుగువాణ్ణి పెళ్ళాడి, అతనితో వచ్చింది. వచ్చిన ఏడాదికి అతను జ్వరంతో పోయాడు. ఇప్పుడు దేశం విడిచి వెళ్ళమని నోటీసు వచ్చింది. కారణాలు రెండు రాశారు. ఒకటి, విచారణకు వెళ్ళిన కానిస్టేబుల్ భర్త పేరు అడిగితే ఆమె చెప్పలేకపోయింది, కాబట్టి పెళ్ళి అనుమానాస్పదం. రెండు, భర్త స్వగ్రామం అంటున్న ఊరి జనన రిజిస్టరులో అతని పుట్టుక లేదు. భారత పౌరుడికి భార్య అయిన స్త్రీ, వితంతువైనా సరే, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చునని చట్టం. కాని ఆ భర్త ఇక్కడివాడని, ఆమె అతని భార్య అని రుజువు కావాలి. పాస్‌పోర్టు, పెళ్ళి కాగితం రంగం రేవులోనే లాక్కున్నారు. విచారణ గురువారం. నేను బయలుదేరింది సోమవారం.

నిజం చెబుతున్నాను, మొగుడి పేరే చెప్పలేని మనిషి కేసు నిలవదని నేనూ అనుకున్నాను.

కోటబొమ్మాళి

కోటబొమ్మాళి స్టేషనులో దిగి రెండు మైళ్ళు నడిచాను. వరి కోతలు అయిపోయాయి. దారి పొడుగునా కుప్పలు, నూర్పుల దుమ్ము. ఆ ఊరి పేరు రాయను. ఇప్పటికే మా ఖిన్ గురించి చాలా కాగితాల్లో ఉంది.

నన్ను చూసి ముందు అత్తగారు బయటికి వచ్చింది. పేరు అప్పలమ్మ. అరవై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది.

"నువ్వేనా పిలీడరువి? ముసిలోణ్ణి పంపినారేటి?"

"ఉన్నవాళ్ళలో నేనే దొరికాను" అన్నాను.

"సర్లే. ముసిలోళ్ళు నెమ్మదిగా మాటాడతారు. ఒలే కిన్నమ్మా, నీళ్ళట్రా!"

మా ఖిన్ ఆ ఊళ్ళో కిన్నమ్మ అయింది. నేత చీర, వెనక ముడి, ముడిలో చేమంతి. బుగ్గలకు మాత్రం ఏదో చెక్క అరగదీసిన లేపనం గుండ్రంగా రాసుకుంది. వాళ్ళ దేశంలో ఎండకు అలా రాసుకుంటారట. మన పసుపు లాగే. ఊరి ఆడపిల్లలు ఇద్దరు అదే లేపనం పూసుకుని తిరుగుతున్నారు.

నా సంచిలోంచి ఎండుచేపల వాసన వచ్చింది కాబోలు, కిన్నమ్మ అడక్కుండానే తీసుకుని లోపలికి వెళ్ళింది. గంటకు ఒక పులుసు తెచ్చింది. అందులో అరటి బోదె లోపలి దూట, వేయించిన శనగపిండి, పైన నిమ్మరసం. అన్నంలో కాదు, ఇడియాప్పం లాంటి సన్నటి బియ్యపు తీగల మీద పోసుకోవాలి. మొదటి ముద్ద వింతగా ఉంది. మూడో ముద్దకు ఇంకొంచెం అడిగాను.

"మొదట్లో నాను ముట్టనేదు" అంది అప్పలమ్మ. "దూట కూరొండుకోవాల గాని సేపల్లో ఏస్తారేటని తిట్టినాను. ఇప్పుడది సెయ్యకపోతే తిడతన్నాను."

వాళ్ళు టీ ఆకు నానబెట్టి ఊరగాయలా తింటారని కూడా అక్కడే తెలిసింది. ఒక చిన్న జాడీ అటక మీద ఉంది. పండుగకే తీస్తారు. నాకు చిటికెడు పెట్టారు. చేదుగా ఉంది, కాని మళ్ళీ తినాలనిపించింది.

తిన్నాక కాగితాలు తీసి కిన్నమ్మను అడిగాను. "అమ్మా, మీ ఆయన పేరు?"

ఆమె తల వంచుకుంది. అత్తగారు నోరు తెరవబోతే నేనే ఆపాను. ఆమే చెప్పాలి. విచారణలో అడిగేది ఆమెనే. చివరికి కిన్నమ్మ గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. నా అనుమానం బలపడింది. అప్పలమ్మ నా ముఖం చూసి పకపకా నవ్వింది. ఎందుకు నవ్విందో అడగాలని నాకు తోచలేదు.

పడుకునే ముందు ఆమె ఒక్క మాట అంది. "దాన్ని తీసుకుపోతే నాకు గంజి ఎవలు పోస్తారు? అది కాదులే. దాంతో తగువాడుకోడానికి నాకెవలున్నారు?"

బస్సు

మర్నాడు పొద్దున్నే అప్పలమ్మను ఒక ప్రశ్న అడిగాను. "మీ అబ్బాయి ఎక్కడ పుట్టాడు?"

"మా కన్నోరింట. తొలిసూరు మరెక్కడ పుడతాది?"

రిజిస్టరులో పుట్టుక దొరకలేదని రాసింది ఈ ఊరి రిజిస్టరు చూసి. తొలి కాన్పు పుట్టింట్లో అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫైలు చూసిన ముగ్గురు అధికారులకు, నాకు, తట్టలేదు. ఫైలు మీద 'విదేశీయులు' అని రాసి ఉంది. ఆ మాట చూశాక ఇది మన ఇంటి సంగతి అని ఎవరం అనుకోలేదు.

అప్పలమ్మ పుట్టిల్లు శ్రీముఖలింగం. నరసన్నపేటలో బస్సు మారి ముగ్గురం వెళ్ళాం. రెండో బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. నేను వెనక తలుపు దగ్గర రెండు బియ్యం బస్తాల మధ్య ఇరుక్కుపోయాను. కదలడానికి వీలు లేదు. ఆడవాళ్ళు ముందు వైపు కూర్చున్నారు. చిల్లర కిన్నమ్మ దగ్గర ఉంది. కండక్టరు ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఎక్కడికమ్మా?"

"మూడు. ఆ ఊరికి."

"ఏ ఊరికి?"

"ఏటి ఒడ్డున గుడి ఉన్నాది కదా, ఆ ఊరికి."

"ఏటి ఒడ్డున పది గుళ్ళున్నాయి. పేరు సెప్పు."

కిన్నమ్మ అత్తగారి వైపు చూసింది. అత్తగారు కిటికీలోంచి చెరకు తోటలు చూస్తోంది. కావాలనే.

"సివుడి గుడి" అంది కిన్నమ్మ. "మొకం ఉన్న సివుడు."

"ఓలమ్మ, ఊరి పేరు సెప్పడానికి నీకేటి కష్టం?"

వెనక సీటులో తేగలు ఒలుచుకుంటున్న లావుపాటి ఆవిడ ఒక్కసారిగా నవ్వింది. "ఒరే కండక్టరూ! నీకు బుర్రున్నాదా? ఆవిడ పెనిమిటి పేరదేరా! పేరెలా సెప్తాది?"

బస్సంతా నవ్వింది. కండక్టరు నెత్తి కొట్టుకున్నాడు. "ముందే సెప్పొచ్చు కదమ్మా! మా యావిడ నన్ను ఇరవయ్యేళ్ళుగా 'ఇదిగో' అంటన్నాది. నా పేరు దానికి గుర్తున్నాదో లేదో!" అని మూడు టిక్కెట్లు చింపాడు.

బస్తాల మధ్య నేను ఒక్కడినే నవ్వలేదు. ముఖలింగం. అతని పేరు ఫైల్లో బయలుదేరక ముందు నుంచీ చూస్తున్నాను. నా భార్య ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా పేరు పలకగా నేను వినలేదు. ఆసుపత్రిలో నర్సు భర్త పేరు అడిగితే ఆమె వేలు పెట్టి నన్ను చూపించింది. నర్సు నన్ను అడిగి రాసుకుంది. ఆ కానిస్టేబుల్ కూడా మన ఇళ్ళలో అయితే అలాగే పక్కవాళ్ళను అడిగి రాసుకుని ఉండేవాడు. బర్మా ఆవిడకు మన ఆచారం ఎందుకుంటుంది అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

చల్లవానిపేటలో బస్సు టీకి ఆగింది. దిగి, నా సంచిలోంచి తెల్లకాగితం తీసి జరిగినదంతా రాశాను. కండక్టరును సంతకం పెట్టమన్నాను.

"నా ఉద్యోగానికేమీ అవదు కదండీ?"

"అవదు. జరిగింది జరిగినట్టు రాశాను."

సంతకం పెట్టాడు. తేగల ఆవిడ వేలిముద్ర వేసింది. దాంతో మిగిలినవాళ్ళు కూడా చుట్టూ చేరారు. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం. మొత్తం పధ్నాలుగు మంది. అందులో ఇద్దరు ఏం జరిగిందో చూడనేలేదు. వాళ్ళ సంతకాలు కొట్టేయబోతే కోపం వచ్చింది వాళ్ళకు. "అందరివీ ఉంచి మాయి తీసేస్తావేటి?" అన్నారు. ఆ గొడవ తేలేసరికి డ్రైవరు హారను మోగించాడు. తేగల ఆవిడ నాకు మూడు తేగలు ఇచ్చింది. ఆ ప్రయాణంలో నేను కొనుక్కుని తిన్నది చాలా తక్కువ.

శ్రీముఖలింగం

వంశధార ఆ రోజుల్లో సన్నగా పారుతోంది. ఇసుక ఎక్కువ, నీళ్ళు తక్కువ. గుడి పాతది, బరువైనది. రాతి మీద పనితనం గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చూసింది కిన్నమ్మను. మూడుసార్లు నేలకు నుదురు ఆనించి మొక్కింది. వాళ్ళు బుద్ధుడికి అలా మొక్కుతారట. పూజారి చూసి విభూతి పెట్టాడు.

"స్వామి పేరు చెప్పి మొక్కుకో తల్లీ" అన్నాడు.

"అది సెప్పదు లెండి. మీరే సెప్పండి దాని తరపున" అంది అప్పలమ్మ.

ఆ సాయంత్రం ఏటి ఇసుకలో కూర్చుని కిన్నమ్మ నాతో కాస్త మాట్లాడింది. రంగంలో ఆమె అతన్ని పేరు పెట్టే పిలిచేది. అక్కడ అందరూ అంతే. ఓడలో వస్తున్నప్పుడు అతను ఒక్కటే కోరాడట. మా అమ్మ దగ్గర నా పేరు పిలవకు, ఆమెకు కష్టంగా ఉంటుంది అని. "ఇంకేటీ అడగనేదు బాబూ. ఆ ఒక్కటే."

కరణం గారింట్లో పాత రిజిస్టర్లు ఇనప్పెట్టెలో ఉన్నాయి. పైన రెండు చెదలు తిన్నాయి. ఆయన అప్పలమ్మను చిన్నప్పటి నుంచి ఎరుగును.

"ఏ ఏడు పుట్టాడే?"

"ఏరు పొంగిన ఏడు."

"ఏరు ఎప్పుడు పొంగలేదు? ఇంకేదైనా గుర్తు చెప్పు."

"మా అన్న పెళ్ళి ఆగిపోనాది, ఆ ఏడు."

"మీ అన్న పెళ్ళి రెండుసార్లు ఆగింది."

"రెండోసారి. పెళ్ళికూతురే ఒప్పుకోనేదు, ఆ ఏడు."

కరణం గారి భార్య లోపల్నుంచి నవ్వింది. "ఆ పెళ్ళికూతుర్ని నేనేగా!" అంది. ఆ తర్వాత వెతకడం తేలికైంది. తమ పెళ్ళి ఏడు కరణం గారికి గుర్తుంది. దానికి ముందటి ఏడు రిజిస్టరులో ఇరవై రెండో పేజీలో ఉంది. అప్పలమ్మకు మగశిశువు. తండ్రి పేరు, ఇంటిపేరు, అత్తవారి ఊరు. శిశువు పేరు లేదు. అప్పట్లో బారసాల కాకముందే రాసేసేవారు. కరణం గారు తండ్రి పేరు పైకి చదివితే అప్పలమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నేను గమనించాను. అప్పుడు దాని విలువ తెలియలేదు.

నకలు రాసి ముద్ర వేసి ఇచ్చారు. భోజనం పెట్టకుండా పంపలేదు. ఆవ పెట్టిన కంద కూర, గుమ్మడికాయ పులుసు, గట్టి పెరుగు. తొమ్మిది నెలల్లో నేను మారు వడ్డించుకున్న భోజనాలు రెండు. రెండూ ఈ మూడు రోజుల్లోనివే.

శ్రీకాకుళం

గురువారం పదకొండు గంటలకు కలెక్టరాఫీసులో పిలిచారు. అధికారి చిన్నవాడు, ముప్ఫై దాటి ఉండడు. కర్నూలు వైపు మాట. మర్యాదగా ముగ్గురికీ కుర్చీలు వేయించాడు. రిజిస్టరు నకలు శ్రద్ధగా చూశాడు. తొలి కాన్పు సంగతి చెప్పగానే, "అవును కదా" అని తనలో తను అనుకున్నాడు.

తర్వాత కిన్నమ్మను అడిగాడు. "మీ భర్త పేరు ఏమిటి?"

ఆమె తల వంచుకుంది.

నేను లేచి ఆచారం సంగతి చెప్పాను. బస్సు కాగితం ఇచ్చాను. ఆయన వేలిముద్రలు లెక్క పెట్టి కాగితం పక్కన పెట్టాడు.

"ప్లీడరు గారూ, ఆచారం నాకు తెలుసు. కాని బర్మాలో ఆ ఆచారం లేదు. ఈమె అక్కడి మనిషి. తెలియక చెప్పడం లేదో, తెలిసి చెప్పడం లేదో నేనెలా తేల్చేది? నాకు ఆమె నోటితో కావాలి."

న్యాయమైన ప్రశ్నే. నేను కూర్చున్నాను. ఆయన వరసలో అప్పలమ్మ వైపు తిరిగాడు. శిశువు తండ్రి పేరు నకలుతో సరిపోవాలి.

"అమ్మా, మీ భర్త పేరు చెప్పండి."

"సెప్పను బాబూ."

"ఇది రికార్డు కోసం."

"ఆ కాగితంలో ఉన్నాది కదా, సదువుకోండి."

"మీరే చెప్పాలి."

"నలభయ్యేళ్ళు సెప్పనేదు. ఇప్పుడు సెప్తే పైనుంచి దిగొచ్చి నన్ను తంతాడు."

గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అధికారి కూడా పెదవి బిగించాడు. అప్పుడు అప్పలమ్మ వేలెత్తింది.

"బాబూ, నా పెనిమిటి పేరు నాను సెప్పనేదని నాకు పెనిమిటి నేడని రాస్తారేటి? నాకు పెనిమిటి నేకపోతే ఆ కొడుకెలా పుట్టినాడు? రాయండి మరి. నన్నూ రంగం పంపించేయండి. ఇద్దరం కలిసే పోతాం."

ఎవరూ నవ్వలేదు. కిన్నమ్మ తల ఎత్తింది. కొత్త మనుషుల ముందు ఆమె గొంతు అంత స్పష్టంగా రావడం నేను వినడం అదే మొదటిసారి.

"సార్, రంగంలో నాను పేరు పెట్టే పిలిసినాను. ఇక్కడ మా యత్త నేర్పినాది, మానేసినాను. నానింకా ఆ దేసం మనిసినే అయితే, ఎప్పుడో సెప్పేద్దును."

అధికారి కానిస్టేబుల్ రాసిన వాక్యం కింద ఒక గీత గీసి, పక్కన ఏదో రాసి, సంతకం పెట్టాడు. నోటీసు నిలిపివేత. పౌరసత్వపు దరఖాస్తు సిఫారసుతో పైకి.

"భర్త పేరు గడి నింపాలి కదా" అని గుమాస్తా గొణిగాడు.

"ముఖలింగం! నా కొడుకు!" అంది అప్పలమ్మ, వరండాలో వాళ్ళకు కూడా వినపడేలా. "కొడుకు పేరు సెప్పడానికి నాకేటి సిగ్గు?"

బయటికి వచ్చాక ఆమె ముగ్గురికీ బెల్లం జిలేబీ కొనిపెట్టింది. తూకం తక్కువని అంగడివాడితో తగువాడింది. కిన్నమ్మ అత్తగారి పక్షాన తగువాడింది. అంగడివాడు ఓడిపోయి రెండు చుట్లు ఎక్కువ వేశాడు.

సీతారామమూర్తి కంటికి కట్టుతోనే ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఇదంతా విన్నాడు. బస్సు సంఘటన రెండుసార్లు చెప్పించుకున్నాడు. కుట్లు తెగుతాయి, నవ్వొద్దని నర్సు వచ్చి మందలించింది.

మళ్ళీ విజయనగరం

శుక్రవారం పొద్దున్న విజయనగరం స్టేషనులో దిగి, ఆ టీ మనిషినే వెతికి, రెండు టీలు అడిగాను. ఈసారి తెలిసే అడిగాను. రెండూ తాగాను.

పౌరసత్వపు పత్రం మామిడిపళ్ళ కాలంలో వచ్చింది. అది వచ్చేదాకా కిన్నమ్మ విదేశీయురాలి లెక్కే. నెలకోసారి, మొదటి సోమవారం, అత్తాకోడళ్ళు పొద్దున్నే గంజి తాగి, ఎండలో నాలుగు మైళ్ళు నడిచి, పోలీసు స్టేషను వరండాలో తమ వంతు దాకా కూర్చుని, అక్కడి పుస్తకంలో సంతకం పెట్టి వచ్చేవారు. పని మానుకోవలసిందేనని అప్పలమ్మ ఆ రోజంతా గొణిగేది. పత్రం వచ్చిన మరుసటి నెల అలవాటు కొద్దీ వెళ్ళారట. స్టేషను రైటరు పుస్తకం చూసి, పేరు కొట్టేశామమ్మా, వెళ్ళిపొండి అన్నాడట.

ఇప్పుడు మొదటి సోమవారం వాళ్ళు స్టేషనుకు వెళ్ళడం లేదు.